లేదనని అంగడి

ఆ ఏడు ఆడి నెల గాలి, అదే మా అరవనాట ఆషాఢం గాలి, మా తుడియలూరులో ఎట్లా కొట్టిందంటే, మేడమీద ఆరేసిన నా పంచె ఎగిరిపోయి సాయంత్రానికల్లా రెండు బస్సుల దూరంలో ఉండే ఉడుమలైపేటలో ఒక కొబ్బరిచెట్టుకి తలపాగా అయింది. నమ్మకపోతే మీ ఇష్టం. పంచె పోయిన మాట మాత్రం నిజం. అదే గాలిలో మా మనవరాలు ఇలక్కియ మేనేజరయి ఇంటికొచ్చిన మాటా నిజం.

"తాతా, నన్ను టీమ్‌కి మేనేజరు చేసినారు," అనింది, చెప్పులు విడవకుండానే.

"మేనేజరంటే ఏం చేయాల?"

"ఇన్నాళ్ళూ నేను కోడు రాస్తా ఉంటిని కదా. ఇంక రాసేవాళ్ళను చూసుకోవాల."

"చూస్తా కూర్చునేదానికి జీతమా! అమ్మణీ, ఆ కంపెనీలో నాకూ ఒక కుర్చీ వేయమను. ఈ అంగడిలో ఇన్నేండ్లుగా నేను చేస్తా ఉండేది అదే కదా."

లోపలనుంచి మా అంజలమ్మ గొంతు వచ్చింది. "చూస్తా కూడా ఉండరు కణ్ణూ. కండ్లు మూసుకోనుంటారు."

పెండ్లయిన నాటినుంచి మా ఇంటిది నా ప్రతి మాటకూ ఒక తోక తగిలిస్తానే ఉండాది.

మాది పంపు సామాన్ల అంగడి. కింద అంగడి, పైన ఇల్లు. కొడుకు శివరామన్ వ్యాపారం చూసుకుంటాడు. నేను గల్లాపెట్టె పక్కన కూర్చుని వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడతాను. మాటలు ఉచితం కాబట్టి నా బేరం ఎప్పుడూ జోరే. శివరామన్ కూతురే ఈ ఇలక్కియ. వారంలో సగం నాళ్ళు ఆఫీసుకు పోతాది, మిగిలిన నాళ్ళు మేడమీది గదిలో కంప్యూటరు ముందర కూర్చుంటాది.

ఆ కంపెనీవాళ్ళు గట్టివాళ్ళు. కంప్యూటరు తెలిసిన పిల్లలకి మనుషులు తెలియరని కనిపెట్టినారు. అందుకని కొత్తగా మేనేజర్లయినవాళ్ళకి గాంధీపురంలో ఒక హోటలు మేడమీద శనివారం శనివారం క్లాసు పెట్టినారు. మనిషిని ఎట్లా పలకరించేది, పని ఎట్లా పంచేది, తప్పు చేసినవాడికి నొప్పి తెలియకుండా ఎట్లా చెప్పేది, కొనేవాడితో ఎట్లా బేరమాడేది, ఇవంట పాఠాలు. ఇవి నేర్పేదానికి ఒక బడి, ఆ బడికి ఏసీ, నడుమ బిస్కెట్లు! నాకు నిద్ర పడితే ఒట్టు. శనివారం ఆ పిల్ల బస్సు దిగేసరికి నేను వాకిట్లో ఉండేవాణ్ణి.

"ఈనాడు ఏం పాఠం?"

"ఫీడ్‌బ్యాక్ ఇచ్చేది తాతా. ఒక తప్పు చెప్పాలంటే ముందర ఒక మంచి మాట, వెనక ఒక మంచి మాట పెట్టాల. తప్పును నడుమ దాచాల."

"మీ అవ్వ మీద చేసి చూపించు."

ఇలక్కియ వంటింటి గడపమీద నిలబడి గొంతు సవరించుకుంది. "అవ్వా, నీ ఇడ్లీ పూవు మాదిరి ఉండాది. చట్నీలో ఉప్పు ఎక్కువైంది. ఈ చీర నీకు బాగుండాది."

అంజలమ్మ గరిటె పట్టుకునే ఇటు తిరిగింది. "చట్నీలో ఉప్పెక్కువని చెప్పేదానికి నా చీర దాకా ఏంటికి పోవాల?"

మరుసటి వారం పాఠం వేరే. మేనేజరు ఒక్కొక్క మనిషిని విడిగా కూర్చోబెట్టి, కష్టమేమని అడిగి, నోరు మూసుకుని వినాలంట. ఈసారి నన్ను కూర్చోబెట్టింది.

"పనిలో ఏమన్నా కష్టం ఉండాదా తాతా?"

పాపం, తెలియక అడిగింది. నేను మోకాలి నొప్పితో మొదలుపెట్టి, మా తాత ఏనుగుమీద బావి మోటారు మోసుకొచ్చిన సంగతి దాకా వచ్చేసరికి బయట వీధి దీపాలు వెలిగినాయి. పిల్ల కండ్లు తెరుచుకునే కునుకు తీస్తా ఉండాది.

"ఇన్ని కష్టాలు పెట్టుకుని ఎట్లా బతికినావు తాతా?"

"చెప్పుకునేదానికి ఒక మేనేజరు దొరుకుతాదని కాచుకోనుంటిని."

నవ్వింది. ఆ నెలలో ఆ పిల్ల అంతగా నవ్వింది మళ్ళీ నేను చూడలే.

ఇలక్కియ టీమ్ చేసే పని ఏందంటే, హాలండు దేశంలో పూలగడ్డలు అమ్మే ఒక పెద్దాయనకు ఫోనులో అంగడి కట్టేది. చూసేదానికి ఉల్లిగడ్డ లాగే ఉంటాదంట. చలికి ముందర నాటితే చలి పోయినాక పూవు లేస్తాదంట. నేను టీ అంగడిలో పోయి, "ఆ దేశంలో సాంబారు ఉల్లి నాటితే తామరపూవు పూస్తాది, మా మనవరాలే పూయిస్తాది," అని చెప్పినాను. సగంమంది నమ్మినారు. అక్కడి జనం ఆ గడ్డలు నాటే కాలం వచ్చేలోపల, అంటే మనకు ఆడి పోయి ఆవణి పుట్టేలోపల, ఆ ఫోను అంగడి తెరవాల. ఇలక్కియకు పైన ఉండే భువనేశ్వరి మేడం ముందే చెప్పేసిందంట: ఇది ఒడ్డెక్కితే నువ్వు మేనేజరు, ఆయన కోపగించుకుని పోతే టీమ్‌ను విడదీసి తలా ఒక దిక్కు వేసేస్తాం, నువ్వు మళ్ళీ కోడు రాసుకో.

ఆ హాలండాయన పేరు విల్లెం. మన మధ్యాన్నం భోజనాలయ్యే వేళకు వాళ్ళకు తెల్లవారి కాఫీ వేళ. అప్పుడు కంప్యూటరులో మాట్లాడతాడు. నేను మెట్లమీద గాలి పోసుకునే నెపంతో కూర్చుని వినేవాణ్ణి. ఇంగ్లీషు నాకు సగం వస్తాది, మిగతా సగం నేను కలుపుకుంటాను.

"ఇలక్కియా, కెమెరా ఖాళీ నేలవైపు పెడితే, పూలు పూసినాక తోట ఎట్లా ఉంటాదో ఫోనులో కనపడాల. అయితాదా?" అని ఆయన.

"మంచి ఐడియా విల్లెం. చూద్దాం. చేద్దాం," అని ఇది.

"ఎవరికన్నా కానుకగా పంపేదానికి కూడా ఒక దారి పెట్టండి."

"చేద్దాం."

"ఊరి మునిసిపాలిటీవాళ్ళు మూటలు మూటలుగా కొనేదానికి?"

"ఓ, చేద్దాం."

నాకు గుండె ఉబ్బిపోయింది. ఏంటికంటే మా అంగడిలో ఒక కట్టుబాటు ఉండాది, మా నాయన నాటిది. సామాను అడిగినవాడి మొగంమీద 'లేదు' అనకూడదు. ఇంట్లో బియ్యం అయిపోతే ఆడవాళ్ళు 'నిండుకున్నాయి' అంటారే గాని 'లేవు' అంటారా? అంగడి కూడా లక్ష్మి ఉండే చోటే. ఆ మాట చెవిన పడితే ఆమె లేచి ఎదురంగడికి పోతాది. అందుకని సామాను ఉన్నా సరే, లేకున్నా సరే, వచ్చినవాణ్ణి కూర్చోబెడతాం, చెంబుతో మజ్జిగ ఇస్తాం, 'ఇదో వస్తా ఉండాది' అంటాం. ఆయన మజ్జిగ తాగేలోగా మాలో ఒకరు వెనకవాకిట్లోనుంచి జారుకుని, ఎదురంగడి రాజామణి దగ్గర ఆ సామాను తెచ్చి, మా గోడౌనులోనుంచి తీసినట్టు దుమ్ము దులిపి ఇస్తాం. రాజామణి అంగడిలోనూ ఇదే కట్టు. వాళ్ళ మనిషి మా వెనకవాకిట్లోకి వస్తాడు. ఇద్దరి లక్ష్ములూ కదలకుండా ఉండారు.

మా నాయన కాలంలో, ఏరోప్లేన్లు దిగే పీలమేడునుంచి ఒక దొర వచ్చి ఏరోప్లేను చక్రం అడిగినాడు. "కూర్చోండి దొరా, వస్తా ఉండాది," అని మజ్జిగ ఇచ్చినారు. దొర మూడో చెంబు తాగేలోగా ఎద్దుబండి చక్రానికి నల్లరంగు వేసి బిగించి పంపించేసినారు. ఆ ఏరోప్లేను పైకి లేచే ముందర ఒకసారి 'అంబా' అనేదంట.

ఆ మజ్జిగ చెంబులు మోసి పెరిగిన పిల్ల ఇలక్కియ. మరి విల్లెం ఏమడిగినా చేద్దామనక ఏమంటాది? ఆనాడు గదిలోకి పోయి మెచ్చుకున్నాను.

"అమ్మణీ, ఒక్క 'నో' పడలే నీ నోట. మా నాయనే మాట్లాడినట్టుండింది."

"పడలే తాతా," అనింది, కంప్యూటరు మీదనుంచి తల ఎత్తకుండా.

ఆడి నడిమిలో ఒక ఆదివారం టీమ్ పిల్లలంతా మా ఇంటికే వచ్చి మేడమీద పని చేసినారు. అంజలమ్మ పులిహోర కలిపి వడ్డిస్తా, "తినే పిల్లోళ్ళు అట్లా కోడిపిల్లల మాదిరి గింజలు ఏరతా ఉంటే ఎట్లరా, ముద్ద పెట్టండి!" అని మా తెలుగులో గద్దించింది. ఒక పిల్లవాడు ఫక్కున నవ్వినాడు. పేరు జీవ. టీమ్‌లో కష్టమైన పనంతా అతని చేతిమీదనే పోతాదని ఇలక్కియ అంతకు ముందే చెప్పి ఉండింది.

"ఏం నాయనా, నీకు మా మాట తెలుస్తాదా?" అని అడిగింది అంజలమ్మ.

"మాదీ ఇదే మాట అవ్వా. ఉడుమలైపేట పక్కన మా తోట. చదివేదానికి రాదు గాని, తిట్టేదానికి బాగా వస్తాది."

"ఉడుమలైపేటా! అయితే నా పంచె చూసినావా?" అన్నాను నేను.

కాఫీ గ్లాసులు పట్టుకుని ఇద్దరం మెట్లమీద కూర్చున్నాం. పంచె కథ విని నవ్వినాడు గాని, కండ్లకింద నలుపు పోలే. నేను ఊరుకుంటానా, పిల్ల నేర్చుకొచ్చిన పాఠం అతనిమీద వేసి చూసినాను.

"పనిలో ఏమన్నా కష్టం ఉండాదా నాయనా?"

ఆ ప్రశ్నకు అంత బలం ఉండాదని నాకు అప్పటిదాకా తెలియదు. జీవ గ్లాసు కింద పెట్టేసినాడు.

"మగపెండ్లివాళ్ళ తొందరకు ఆడి అని కూడా చూడకుండా మా చెల్లెలి నిశ్చితార్థం పెట్టుకున్నాం తాతా, దానికి లీవు అడిగినా. ఇలక్కియ అక్క 'సరే, పో' అనింది. అదే నాడు విల్లెంకి కూడా ఏదో 'సరే' అనేసింది. ఇంక నేను తోటలో మంచం వేసుకుని ల్యాప్‌టాప్‌తో కూర్చున్నా. తాంబూలాలు మార్చుకునేటప్పుడు మా నాయన పిలిస్తే 'ఇదో వస్తా' అన్నా. పోయేసరికి అందరూ ఆకుల ముందర కూర్చుని భోంచేస్తా ఉండారు."

"ఇలక్కియతో చెప్పలేదా?"

"ఎట్లా చెప్పేది? చెడ్డదైతే చెప్పుంటా. పోట్లాడుంటా. తనూ మాతోపాటే కూర్చుని పని చేస్తాది. తిన్నావా అని అడుగుతాది. అదే కష్టం." కాసేపు ఆగినాడు. "చెన్నైలో ఇంకో కంపెనీ పిలిచింది తాతా. ఈ నెల కడాన చెప్పేస్తా. మీరు అక్కతో అనవద్దండి."

అనవద్దన్న మాట నా కడుపులో ఎంతసేపు నిలుస్తాదో ఊరంతటికీ తెలుసు. పిల్లలు బస్సెక్కి పోయేదాకా ఆపుకున్నాను.

విని ఇలక్కియ మంచంమీద కూర్చుండిపోయింది.

"జీవ పోతే ఇంకో ఇద్దరు వెనకే పోతారు తాతా. పని నిలిచిపోతాది. విల్లెం పోతాడు. ఇంక టీమే ఉండదు."

"అయితే ఏమంట? విల్లెం అడిగినవాటిలో కొన్ని ఎదురంగడిలో తెచ్చి ఇచ్చేయి."

అప్పుడు నావైపు తిరిగి చూసింది. కోపంగా కాదు. చిన్నప్పుడు లెక్క తప్పైతే పలకవైపు చూసేది చూడండి, అట్లా.

"నాకు ఎదురంగడి లేదు తాతా. జీవే నా ఎదురంగడి."

 

"క్లాసులో దీనికి పాఠం చెప్పలేదా?" అని అడిగినాను.

"చెప్పినారు. చేయలేనిదానికి ఒప్పుకోవద్దు, మొదటే కాదని చెప్పేయండి, ఏది చేయగలమో అది చెప్పండి అని. రాసుకున్నా. పరీక్షలో మార్కులు కూడా వచ్చినాయి. నోరే తిరగదు."

"దానికేముంది, తిప్పుదాం రా. నేనే విల్లెం. నువ్వు కాదని చెప్పు."

మరునాడు అంగడిలో జనం లేని వేళ కుర్చీ మీద కాలుమీద కాలేసుకుని కూర్చున్నాను. అంజలమ్మ తీర్పరి.

"ఇలక్కియా," అన్నాను గొంతు లావు చేసి, "నా పూల వాసన ఫోనులోనుంచి రావాల."

"అదీ... చూద్దాం విల్లెం."

"ఓడిపోయినావు," అనింది అంజలమ్మ.

"పూవు వాడిపోతే ఫోను ఏడవాల!"

"మంచి ఐడియా..."

"మళ్ళీ ఓడిపోయినావు."

"నా పెండ్లాం అలిగినప్పుడు ఫోనే పోయి సముదాయించాల!"

"ట్రై చేస్తాం," అనేసి, తన మాట తనకే వినపడి మొగం కప్పుకుంది. నవ్వుతా ఉండాదనుకున్నాను. చేతులు తీసేసరికి కండ్లు తడిగా ఉండాయి. "రాదు తాతా, విడిచిపెట్టు."

నాకు ఎక్కడో లోపల కొంచెం గర్వంగా ఉండిన మాట కూడా చెప్పాల. మా పెంపకం అట్లాంటిది మరి.

ఆడి పద్దెనిమిది, ఏటి కొత్తనీళ్ళ పండగ, పోయింది. వానపడ్డ తోటల్లో విత్తేవాళ్ళు విత్తతా ఉండారు. అప్పుడొక పొద్దున పెరియనాయక్కన్‌పాళయం అవతలనుంచి ఒక రైతు వచ్చినాడు. కల్యాణసుందరం అని పేరు. పంపులో నీళ్ళు తోసే చక్రం, ఇంపెల్లరు, అరిగిపోయిందంట. పాతది పట్టుకొచ్చి బల్లమీద పెట్టినాడు. చూడగానే తెలిసింది. ఆ పంపు చేసేవాళ్ళు మూతవేసి చాలా కాలమైంది.

"కూర్చోండి. ఇదో వస్తా ఉండాది," అన్నాను.

మజ్జిగ ఇచ్చినాను. శివరామన్ వెనకవాకిట్లోనుంచి పోయి, వెంటనే తిరిగొచ్చి నా చెవిలో చెప్పినాడు. రాజామణి అంగడి మూసుండాది, కూతురింటికి పోయినాడు. "నేను గణపతిలో ఉండే అంగళ్ళ దాకా పోయి చూసొస్తా నాయనా," అని స్కూటరెక్కినాడు.

ఇంక ఆయన్ను కూర్చోబెట్టే భారం నాది. ఆడి గాలి కథ చెప్పినాను. నవ్వినాడు. ఏనుగు కథ చెప్పినాను. సగం నవ్వినాడు. ఏరోప్లేను 'అంబా' అన్నప్పుడు ఆయన నావైపు చూడటంలేదు, రోడ్డుమీద పోయే బస్సువైపు చూస్తా ఉండాడు. రెండో చెంబు మజ్జిగ అట్లే ఉండాది.

"వస్తాదా అండీ?" అని అడిగినాడు.

"వస్తా ఉండాది, వస్తా ఉండాది."

పైన కరెంటు పోయిందని ఇలక్కియ ఆ పొద్దున కింద అంగడిలోనే ఒక మూల కూర్చుని పని చేసుకుంటా ఉండింది. పని ఆపేసి ఆయన్నే చూస్తా ఉండడం నేను గమనించలే. ఆయన మళ్ళీ "ఎంతసేపండీ?" అన్నప్పుడు, ల్యాప్‌టాప్ మూత వేసి లేచి వచ్చింది.

"అన్నా, ఆ సామాను మా దగ్గర లేదు. ఆ కంపెనీ మూసేసినారు. ఇంక రాదు."

అంత నెమ్మదిగా అనింది. అరవంలో అనింది. అయినా మా నాయన పటం గోడమీద కదిలినట్టయింది నాకు. గాలికి కదిలిందేమో, ఎవరికి తెలుసు.

కల్యాణసుందరం కాసేపు ఆ పిల్లవైపు, కాసేపు నావైపు చూసినాడు.

"ఈ మాట వచ్చినప్పుడే చెప్పుంటే," అన్నాడు, "మేట్టుపాళయం రోడ్డులో పాత పంపులు విప్పి అమ్మే అంగడి ఉండాది. మొదటి బస్సుకి అక్కడికి పోయుంటానే."

"ఇప్పుడు పోతే దొరకొచ్చు అన్నా. దొరక్కపోతే ఈ సైజుకి దగ్గరగా ఒకటి మా దగ్గర ఉండాది. దాని అంచు కొంచెం కోయించుకోవాల. అది చాలకపోతే పంపే మార్చాల. మూడూ చెప్పేసినా, మీరే చూసుకోండి."

"సరింగ అమ్మణి, మంచిదే," అని పాత చక్రం సంచిలో వేసుకుని, పోయే బస్సుకి చెయ్యెత్తుకుంటా ఉరికినాడు. నాతో ఒక్క మాట అనలే. మూడు కథలు విన్నవాడు, ఒక్క మాట!

శివరామన్ ఒట్టిచేతులతో తిరిగొచ్చినాడు. "ఏడీ ఆయన?"

"పంపించేసినా నాయనా. లేదని చెప్పినా," అనింది ఇలక్కియ.

వాడు నావైపు చూసినాడు. నేను దారిన పోయే గాలివైపు చూసినాను. భోజనం దగ్గర కోపం తెలియాలని రెండు ముద్దలు తగ్గించి తిన్నాను. అంజలమ్మ అది చూసి కూడా, ఇంకాస్త వేయమంటారా అని అడగలే.

భోజనాలు కాగానే విల్లెం వచ్చే వేళ. కోపం కోపమే, మెట్లు మెట్లే. పోయి కూర్చున్నాను.

విల్లెం ఆ పొద్దు సంతోషంగా ఉండాడు. ఇంకొకటి తోచిందంట ఆయనకు. ఒకరి తోటను ఇంకొకరు చూసి పందెం వేసుకునే ఆట పెట్టాలంట. అడిగి ఆగినాడు.

 తలుపు సందులోనుంచి చూసినాను. పిల్ల రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని గట్టిగా పట్టుకోనుండాది.

"నో, విల్లెం," అనింది.

ఆ తరువాత మెల్లగా, ఒక్కొక్క మాటే చెప్పింది. ఇది అయ్యేది కాదు. ఇంతకు ముందు సరే అన్నవాటిలో కూడా అన్నీ అయ్యేవి కావు. మునిసిపాలిటీ పని ఆ తేదీకి కాదు. కెమెరా, కానుక, ఆ రెండిట్లో ఒకటే అవుతాది. గడ్డలు కొనేది, ఇంటికి చేరేది, అది ఒక్క తప్పు లేకుండా తెరిచి ఇస్తాం.

 గాలికి లైను తెగిపోయిందనుకున్నాను. తెగలే.

"ఇది పోయిన నెలే ఏంటికి చెప్పలేదు?" అన్నాడు విల్లెం. గొంతులో సంతోషం లేదు. "నేను మా అంగళ్ళన్నిటికీ అన్నీ వస్తాయని చెప్పేసినానే."

"చెప్పి ఉండాల. తప్పు నాది. అందుకే ఇంకో నెల ఆగకుండా ఇప్పుడు చెప్తా ఉండాను."

ఆలోచించి చెప్తానని ఆయన పెట్టేసినాడు. ఇలక్కియ బయటికి వచ్చి నన్ను మెట్లమీద చూసింది.  పక్కకి జరిగి చోటిచ్చినాను. కూర్చుంది. ఇద్దరం గాలిలో రోడ్డువైపు చూస్తా ఉండినాం.  

ఆ వారం మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలే. భువనేశ్వరి మేడం ఫోను చేసి, నన్నడక్కుండా క్లయింటుతో అట్లా ఎట్లా అంటావని కేకలేసింది. ఫోను బల్లమీద పెట్టినా మేడం గొంతు నాకు వినపడింది. ఇలక్కియ అన్నీ విని, "తప్పే మేడం, మిమ్మల్ని అడిగి చేసుండాల. అయినా చెప్పింది వెనక్కి తీసుకోను," అనింది. క్లాసులో చెప్పినట్టు ముందరొక మంచి మాట, వెనకొక మంచి మాట కూడా పెట్టలే. తప్పున్న చోట తప్పు ఒప్పుకుంది, తక్కినదానికి తగ్గలే.

వారం కడాన విల్లెం వచ్చినాడు. కానుక వద్దు, కెమెరా చాలు అన్నాడు. మునిసిపాలిటీ పని మరుసటి ఏటికి. అంతే. మెచ్చుకోనూ లేదు, తిట్టనూ లేదు. ఆ తరువాత మాత్రం ఏదైనా అడిగేటప్పుడు ఆయన ముందరే, "ఇది పెడితే దేన్ని తీసేయాల?" అని అడగడం మొదలుపెట్టినాడు. ఆవణి పుట్టక ముందే ఆ ఫోను అంగడి తెరిచినారు. నేను ఫోనులో తొంగి చూసినాను. గడ్డలు గడ్డలే, పువ్వులు పువ్వులే, నాకేమీ తప్పు కనపడలే. ఇలక్కియను మేడం మేనేజరుగానే ఉంచింది, ఇంకో ఆరు నెలలు చూస్తానని ఒక కండిషను పెట్టి.

జీవ సంగతి నాకు తెలియాల కదా. ఆవణి మొదటి ఆదివారం అతనే వచ్చినాడు, పని లేకుండా, తోటనుంచి కొబ్బరికాయల మూటతో. అంజలమ్మకిచ్చి, మెట్లమీద నా పక్కన కూర్చున్నాడు.

"చెన్నైవాళ్ళకి ఏమని చెప్పినావు?"

"రానని చెప్పినా తాతా."

"ఏంటికి? మా అమ్మణి ఇప్పుడు మంచిదైపోయిందా?"

"మంచిదా!" నవ్వినాడు. "చెల్లెలి పెండ్లికి పది నాళ్ళు లీవు అడిగినా. కుదరదు, వారం ఇస్తా, దానిమీద అడగవద్దు అనింది. మొగంమీదనే. ముందరైతే ఇరవై నాళ్ళు పో అనుండేది."

"అయితే ఇంకా ఏంటికి ఉండావు?"

"ఆ వారం నాదే కదా తాతా," అన్నాడు జీవ. "ఎవరూ పిలవరు."

అతణ్ణి బస్సెక్కించిన మరునాడు అంగడిలో కూర్చున్నాను. శివరామన్ ఊళ్ళో లేడు. కొత్తమనిషి ఒకాయన వచ్చి ఏదో జర్మనీ పంపు పేరు చెప్పి దానికి నీళ్ళు కారకుండా వేసే సీలు కావాలన్నాడు. ఆ పేరు నేను పుట్టి ఎరగను.

"కూర్చోండి," అన్నాను. చెంబు అందుకున్నాను. ఎదురుగా చూస్తే రాజామణి అంగడి తెరిచే ఉండాది, వెనకవాకిలీ తెరిచే ఉండాది. ఆయన మొగం చూసినాను. చంకలో ఒక పసిబిడ్డ టోపీ, చేతిలో మందుల సంచి. ఇంకా ఎక్కడెక్కడికో పోవాల్సిన మనిషి.

మెట్లవైపు తిరిగి కేక వేసినాను. "అమ్మణీ! ఒకసారి కిందికి రా. ఇక్కడొక మాట చెప్పిపోవాల."

"ఏం మాట?"

"నీకు వచ్చిన మాటే!"

పైన కిటికీ తెరుచుకుంది. "కుదరదు తాతా, మీటింగులో ఉండాను. నువ్వే చెప్పు." కిటికీ మూసుకుంది.

ఆయన నావైపు చూస్తా ఉండాడు. పైన వంటింట్లో అంజలమ్మ గరిటె చప్పుడు నిలిచిపోయింది. ఆ ఇంటిది కూడా చెవులు ఇటే పెట్టిందన్నమాట. నేను చెంబు కింద పెట్టినాను. నాలుక ఒకసారి తడుపుకున్నాను.

"అది మా దగ్గర లేదండీ," అన్నాను.

"అట్లానా, సరింగ," అని ఆయన ఎదురంగడికి నడిచినాడు.

లక్ష్మి కూడా ఆయన వెనకే రోడ్డు దాటిందని టీ అంగడిలో నేను చెప్పిన మాట మీరు విని ఉంటారు. దాటింది నిజమే. కానీ సాయంత్రం దీపం పెట్టే వేళకు తిరిగొచ్చేసింది. రాజామణి అంగడిలో మజ్జిగ పులుపంట.